అద్దం లాంటి గచ్చును పగలగొట్టించిన దేవకుమారి గారు

1952వ సంవత్సరం జూలై ఏడవ తేదీన శ్రీమతి దేవకుమారి గారు మన బాలికోన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా ప్రవేశించారు. నిడదవోలు రైల్వే ఉద్యోగి కీర్తిశేషులు రాజరత్నం గారికి కుమారుల తరువాత పుట్టిన ఏకైక పుత్రిక అయిన ఆమెకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఆనాడు మన బడికి ఆటస్థలం పేరిట ఉన్నది తుమ్మముళ్ల దిబ్బ. వ్యాయామం పేరిట ఉన్నది టైంటేబుల్లో ఒక గడి. ఆమె పిల్లలతో కలిసి ముళ్లు ఏరారు, దిబ్బ చదును చేయించారు, ఆడపిల్లల చేత చెడుగుడు ఆడించారు. ఊరు గోల పెట్టింది. గోల పెట్టినవారిని సాయంత్రం ఆట చూడడానికి రమ్మని ఆహ్వానించారు. కొందరు వచ్చి, చీకటి పడేదాకా కదలలేదు.

ఈ అభినందన సంచికలో ఈతకొలను గొడవ ఎత్తకుండా ఉంటే మర్యాదగా ఉంటుందని కొందరు పెద్దలు సెలవిచ్చారు. వారి మాటను మన్నించలేకపోతున్నందుకు చింత లేదు. ఆ గొడవను తీసివేస్తే దేవకుమారి గారి ముప్పై నాలుగేళ్ల సేవలో మిగిలేది హాజరుపట్టీ ఒక్కటే.

మన సీమలో మగపిల్లలు కాలువలో దూకి ఈత నేరుస్తారు. ఆడపిల్లలు అదే కాలువ రేవులో బిందె ముంచుకుని ఇంటికి పోతారు. దేవకుమారి గారు చిన్ననాట అన్నల వెంట దూకి నేర్చుకున్నారు గనుక ఈ తేడా ఆమెకు మొదటినుంచీ గుచ్చుకుంటూనే ఉండేది. 1969 వరదల్లో ఎనిమిదో తరగతి పాపాయి, చేయి జారిన బిందె కోసం రేవులో ఒక మెట్టు ఎక్కువ దిగింది. మరి పైకి రాలేదు. పరామర్శకు వెళ్లిన దేవకుమారి గారు పాపాయి తండ్రితో, "ఈత వచ్చుంటే బతికేదండీ" అన్నారు. ఆయన ఏడుస్తూనే, "ఆడపిల్లకి ఈతేంటి తల్లీ, ఎవరన్నా నవ్విపోతారు" అన్నాడు. ఆ మాటకు ఆమె ఆనాడు బదులు చెప్పలేదు. బదులు చెప్పడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ తొమ్మిదేళ్లూ ఆమె పాఠశాల కమిటీ అధ్యక్షులు, బియ్యం వర్తకులు అయిన వెంకటరత్నం గారి కొట్టు చుట్టూ తిరిగారు. చివరకు 1978లో ఆయన తమ మాతృమూర్తి పేరిట బడి ఆవరణలో ఈతకొలను కట్టించారు. ఆ ఔదార్యాన్ని ఎవరూ కాదనలేరు. అయితే వారు పని అప్పగించింది పోతురాజు మేస్త్రీకి. షావుకార్ల ఇళ్లలో ముఖం కనిపించేలా గచ్చు చేయడంలో ఆయనది అందెవేసిన చేయి. "మా హాలు గచ్చులా మెరిసిపోవాలి మేస్త్రీ" అని అధ్యక్షులు ఆనతిచ్చారు. పోతురాజు ప్రాణం పెట్టి చేశాడు. అడుగూ మెట్లూ వట్టి సిమెంటు పాలతో తాపీ పెట్టి నున్నగా దిద్దాడు. ఊరంతా వచ్చి చూసి, "అద్దమండీ, అద్దం!" అని మెచ్చుకుంది. నీళ్లలో నిలబడవలసిన చోటు అలా ఉండవచ్చునా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నున్నగా ఉంటేనే మంచి పని అని నమ్మిన ఊరు మనది.

ప్రారంభోత్సవానికి వారం ముందు మోకాలి లోతు నీళ్లు పెట్టి, దేవకుమారి గారు మెట్లు దిగారు. రెండో మెట్టు మీద కాలు జారి, మోచేయి కొట్టుకుని, చీరతో సహా నీళ్లలో కూర్చున్నారు. లేచాక అనుమానం వచ్చి, చేతికర్రతో గోడలు తట్టి చూశారు. గోడ ఖాళీ కుండలా మోగింది. కింది కాంక్రీటుకు గాట్లు పెట్టకుండానే పూత వేయడంతో అది గోడను పట్టుకోలేదు. నేడో రేపో పెచ్చులుగా ఊడిపడుతుంది. ఆమెకు మోచేతి నొప్పి తెలియలేదు. ఈ మెట్ల మీద ఒక్క పిల్ల తల పగిలితే, ఈ జిల్లాలో మరే ఆడపిల్లా ఈతకు దిగదన్న భయం ఒక్కటే తెలిసింది.

తడిచీరతోనే వెళ్లి పూతంతా చెక్కించాలని కమిటీని కోరారు. వెంకటరత్నం గారికి తలకొట్టేసినట్లయింది.

"ఆహ్వాన పత్రికలు పంచేశామండీ. పైన రంగేయిద్దాం. పిల్లలు మెల్లగా దిగుతార్లెండి."

"అలాగేనండి. మీ మనవరాలు మీనాకుమారి ఏడో తరగతేగా. ముందు ఆ అమ్మాయిని దింపుదాం."

"మధ్యలో నా మనవరాలి పేరెందుకు తెస్తారండీ?"

"మరి ఎవరి మనవరాల్ని దింపమంటారండీ?"

అధ్యక్షులు కండువా దులుపుకుని లేచారు. "సరే, చెక్కించుకోండి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేనాటికి మీ పూల్ సిద్ధం కాకపోతే మట్టి పోయించి పూలమొక్కలు వేయిస్తాను. అప్పుడు నన్ననొద్దు."

"ఆయ్" అని దేవకుమారి గారు నమస్కరించి బయటికి వచ్చారు.

పోతురాజు మేస్త్రీ మాత్రం ససేమిరా అన్నాడు. "నా గచ్చు మీద నన్నే సుత్తి వెయ్యమంటారా? అద్దమండీ అది!"

"అద్దంలో మొహం చూసుకుంటాం గానీ మేస్త్రీ గారూ, దాని మీద నడుస్తామా?"

"నేను రాను. ఇంకెవర్నన్నా పిలుచుకోండి."

ఎవరినీ పిలవలేదు. మర్నాడు ఆమె కొంగు బిగించి, సుత్తీ ఉలీ పట్టుకుని తామే కొలనులోకి దిగారు. దెబ్బలు ఒకటి ఉలి మీద, రెండు వేళ్ల మీద పడుతున్నాయి. గట్టు మీద బీడీ కాలుస్తూ చోద్యం చూడవచ్చిన పోతురాజు కాసేపు ఓర్చుకున్నాడు. ఆపైన ఆయన వల్ల కాలేదు.

"అయ్యయ్యో, అలా కాదమ్మా! కింద కాంక్రీటు కూడా పగలగొట్టేత్తారు మీరు. ఇటివ్వండి ఆ సుత్తి!"

"వద్దులెండి, మీ గచ్చు మీద మీరేం కొడతారు?"

"నేను కొడితే పైపూతే పోద్ది. మీరు కొడితే పూలే పోద్ది. జరగండమ్మా!"

గట్టు మీదున్న మేమంతా నవ్వాం. పోతురాజు నవ్వలేదు గానీ, ఆ పూటనుంచి పని ఆయనదే.

అప్పటికి వేసవి వచ్చింది, కాలువలకు నీళ్లు కట్టేశారు. ఈ పనికి అదే అదను. కాలువ పారుతున్నంతకాలం మన నేలలో ఊట పైకి తన్నుతుంది, ఖాళీ కొలనులో పచ్చి పూతను నిలవనివ్వదు. అదను కుదిరింది గానీ, అదే అదనులో ఊళ్లో నీళ్లకు కటకట. కొత్త పూతను ఎండిపోనివ్వకూడదు. ఎండితే మళ్లీ పగులే. పాత పూత చెక్కి, కాంక్రీటుకు గాట్లు పెట్టి, కడిగి, కొత్త పూత వేసి, ఈసారి తాపీతో నున్నగా దిద్దకుండా చెక్కబద్దతో రుద్ది గరుకుగా వదిలారు. గోడలకు తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి, అడుగున వరిగడ్డి పరిచి, బడి బోరింగు నుంచి నీళ్లు మోశాం. సెలవులని కూడా చూడకుండా పిల్లలు వచ్చారు, వాళ్ల తల్లులు వచ్చారు. దేవకుమారి గారి భర్త అప్పారావు గారు పోస్టాఫీసు నుంచి తిన్నగా వచ్చి, ప్యాంటు మడిచి బిందె అందుకునేవారు. "మా ఆవిడకి వాకిట్లో నీళ్లు చల్లే తీరిక లేదు గానీ..." అని ఆయన మొదలుపెడితే, "మాటలాపి బిందె నింపండి" అని ఆమె అక్కడినుంచే కేకవేసేవారు.

ఒక మధ్యాహ్నం బోరింగు ఎండిపోయింది. గోడల మీద గోనెలు ఆరిపోసాగాయి. ఆ సాయంత్రం పాపాయి తండ్రి తన ఎడ్లబండి మీద పీపాలు పెట్టుకుని, పొలంలోని బావి నుంచి నీళ్లు తెచ్చాడు. ఎవరూ పిలవలేదు. "మళ్లీ రేపొత్తానమ్మా" అని మాత్రం చెప్పి వెళ్లాడు. బోరింగులో నీళ్లు పడేదాకా రోజూ వచ్చాడు.

జూన్‌లో కాలువలు వదిలారు, కొలనూ నిండింది. దేవకుమారి గారు నిండా మునిగి గోడలన్నీ తట్టి చూశారు. ఎక్కడా గుల్ల లేదు. వెంకటరత్నం గారు వచ్చి, చెప్పులు విడిచి, మొదటి మెట్టు మీద పాదం రుద్ది చూశారు.

"గరుగ్గా ఉందండీ. మా హాలంత అందంగా లేదు."

"లేదండీ" అన్నారు దేవకుమారి గారు.

ఆయన వెనక్కి తిరిగి, "మీనా, దిగమ్మా" అన్నారు. అధ్యక్షుల వారు పెద్దమనసున్నవారని రాయడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆ తరువాత ఈ ఎనిమిదేళ్లలో వందలమంది ఆడపిల్లలు ఆ మెట్లు దిగారు. ఒక్కరూ జారలేదు. నరసాపురం రేవులో పడవ ఒరిగినప్పుడు మన పూర్వ విద్యార్థిని ఏసమ్మ చంటిబిడ్డతో సహా ఈది ఒడ్డు చేరింది. ఆ కబురు వచ్చిన రోజున దేవకుమారి గారు క్లాసు మానలేదు. ఈలను మాత్రం మామూలు కంటే గట్టిగా ఊదారు.

ఇప్పుడు వారు పదవీ విరమణ చేస్తున్నారు గనుక, ఇక నేర్పేవారెవరు, కొలనును పూడ్చి సైకిల్ షెడ్డు వేద్దామన్న ఆలోచన కొత్త కమిటీలో కొందరికి కలిగిందని విన్నాం. మొన్నటి సమావేశంలో ఒకరు ఆ మాట అననే అన్నారు. "నేను రిటైరవుతున్నది ఉద్యోగంలోంచండీ, నీళ్లలోంచి కాదు" అన్నారు దేవకుమారి గారు. అంతటితో ఆగక, "నేర్పేవాళ్లు కావాలా? వెనక్కి చూడండి" అన్నారు. వెనక వరుసలో మేం లేచి నిలబడ్డాం. తెలుగు టీచరు గారున్నారు, గుమాస్తా జగదాంబ గారున్నారు, గంట కొట్టే నేనూ ఉన్నాను. అందరమూ ఆమె దగ్గర నీళ్లు తాగి, మునిగి, తేలి, ఈత నేర్చినవాళ్లమే.

శ్రీమతి దేవకుమారి గారికీ, అప్పారావు గారికీ భగవంతుడు నిండు ఆరోగ్యమూ నూరేళ్ల ఆయుష్షూ ప్రసాదించుగాక. ఈ కోరికలో మా స్వార్థమూ ఉన్నది, దాచడం లేదు. వారు ఉన్నంతకాలం ఆ కొలనులో గంపెడు మట్టి పోయడానికి ఎవరికీ చేతులు రావు. ఆ తరువాత పోయదలచినవారు ముందు మమ్మల్ని నీళ్లలోంచి బయటికి లాగవలసి ఉంటుంది. మాకు ఈత వచ్చును.

— కె. రత్తమ్మ, ఆయా
1986