నల్ల జిగురు కింద

ఇరవై ఏళ్ల కిందట బాబాయి చేసిన, గిటార్ మోతను మార్చే పెడల్‌ను అన్న కూతురు వర్క్‌షాపు బల్ల మీద విప్పి పెట్టింది.

“ఎవరూ కాపీ కొట్టకూడదని సర్క్యూట్ మీద జిగురు పోశావు, బానే ఉంది. నీకోసమైనా ఒక డయాగ్రం గీసి పెట్టుకోవద్దూ బాబాయ్?”

“అంతా నా బుర్రలోనే ఉంటుందనుకున్నానమ్మా.”

“వారం రోజులు వేడిచేసి గీకాను. ఇదిగో, మొత్తం గీసేశాను. ఒక్క తీగ కూడా వదల్లేదు.”

“భేష్! ఇక అచ్చం ఇలాంటిదే ఇంకోటి చేసేద్దాం. ఈ గరగర ఇంకెవరి పెడల్‌లోనూ పలకదు, తెలుసా?”

“ఒక్కటే అనుమానం. ఈ కెపాసిటర్‌కి ఒక కాలు దేనికీ అతకకుండా గాల్లో ఉంది. కాపీ కొట్టేవాళ్లను తికమక పెట్టడానికేగా?”

“ఏదీ, ఆ కళ్లజోడు ఇలా ఇవ్వు.”

“ఏమైంది?”

“ఆ కాలికి సోల్డర్ పెట్టి అతకడం మర్చిపోయాను.”

“నిన్న నేను పెట్టి వాయించి చూశాను బాబాయ్. ఆ గరగర పోయి చప్పగా మోగింది. మళ్లీ ఊడదీసేశాను.”

“మంచి పని చేశావు. కొత్తదాంట్లో కూడా ఆ కాలు గాల్లోనే వదిలెయ్.”

“మరి జిగురు?”

“రెండింతలు పొయ్. ఈసారి సర్క్యూట్ దాచడానికి కాదు, నా పరువు దాచడానికి.”