బురదలో దిగి పాట నేర్చిన ఇంద్రాణి గారు

1992 ఆగస్టు 3వ తేదీన దిల్‌సుఖ్‌నగర్‌లోని మన తూర్పు మండల కళా సహాయ సమితి కార్యాలయంలో శ్రీమతి ఇంద్రాణి గారు టైపిస్టుగా విధుల్లో చేరారు. అప్పటికి వారి కుటుంబం తెనాలి నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. కింది అంతస్తులో కోచింగ్ సెంటరు పిల్లలు లెక్కలు వల్లె వేస్తుంటే, పైన వారు కోలాట బృందాల దరఖాస్తులను శ్రద్ధగా టైపు చేసేవారు.

1999లో క్షేత్ర పరిశీలకురాలిగా పదోన్నతి పొందిన నాటి నుంచి, ఏ కళనైనా అది పుట్టిన చోటనే చూసి నివేదిక రాయడం వారి పద్ధతి. కర్మన్‌ఘాట్ భజన బృందాన్ని గుడి అరుగు మీద, నాదర్‌గుల్ ఒగ్గు కథకులను రంగుల ముగ్గులతో పట్నాలు వేసిన ఇంటి వాకిట్లో కూర్చుని చూసేవారు. ఆ నివేదికలకు కాలమ్‌లు లేవని, మార్కులు లేవని కార్యాలయ పర్యవేక్షకుడిగా నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఎల్.బి.నగర్ హాలు వేదికపై ఎంపిక సంఘం ముందు ప్రదర్శన ఇచ్చిన వారికే సహాయం అందాలన్న నిబంధన 2013లో నా చొరవతోనే వచ్చింది. దానికి నాకు శాలువా కూడా కప్పారు.

ఆ మరుసటి ఏడాది తుర్కయంజాల్ నుంచి ఐలమ్మ గారు దరఖాస్తు పెట్టారు. నాట్లు వేసేటప్పుడు పాడే పాటలను ఊరి ఆడపిల్లలకు నేర్పడానికి సహాయం కావాలన్నారు. పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయని, చెరువు కింద నాలుగు మడులే మిగిలాయని అందులో రాయించారు.

"చక్రపాణి గారూ, వీళ్ళని పొలంలోనే చూద్దామండీ. వేదిక వద్దు," అన్నారు ఇంద్రాణి గారు.

నిబంధన ఒకరి కోసం సడలిస్తే అందరి కోసం సడలించాలని నేను పట్టుబట్టాను. ఐలమ్మ గారు కొత్త చీర కట్టుకుని, వంత పాడే ఆరుగురు మహిళలతో వచ్చి మైకు ముందు నిలబడ్డారు. రెండు చరణాలు పాడి ఆగిపోయారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"నిలవడితె యాదికొస్తలేదు బిడ్డా. వంగి నాటేస్తుంటెనే పాట ఒస్తది. జర పొలం కాడికి రారాదుండ్రి," అన్నారామె. సంఘ సభ్యులు నవ్వారు. నేనూ నవ్వాను. 'ప్రదర్శనా సామర్థ్యం లేదు' అని పత్రం మీద రాసింది నా చెయ్యే.

ఆ వానాకాలం ఇంద్రాణి గారు వారం రోజులు సెలవు పెట్టారు. ఎందుకో చెప్పలేదు. ఐదో రోజున వారి భర్త విశ్వేశ్వరరావు గారు నాకు ఫోన్ చేసి, "ఏమండీ, మీ ఆఫీసులో నాట్లు కూడా వేయిస్తున్నారా?" అని నిలదీశారు. సోమవారం ఇంద్రాణి గారు నడుం పట్టేసి, గోళ్ళలో బురదతో వచ్చారు. ఐలమ్మ గారి పక్కనే మడిలో వంగి నాట్లు వేస్తూ పాటలు నేర్చుకున్నారట. ఫోనులో రికార్డు చేసుకోవాల్సిందని నేను సలహా పారేస్తే, "రెండు చేతులూ బురదలో ఉంటే ఫోను ఎవరు పట్టుకుంటారండీ?" అని నవ్వేశారు.

తరువాత రెండేళ్ళు లేఖల మీద లేఖలు రాసి ఆ నిబంధనను వారే మార్పించారు. నేడు మనం ఏ బృందాన్నైనా దాని స్థలానికే వెళ్ళి చూస్తున్నామంటే అది వారి చలవ. ఐలమ్మ గారికి సహాయం కూడా మంజూరైంది. అయితే ఆ ఉత్తర్వు తీసుకుని మేము వెళ్ళేసరికి నాలుగు మడుల్లోనూ హద్దురాళ్ళు పాతేశారు. ఐలమ్మ గారు అప్పటికి నెల రోజుల క్రితమే దవాఖానలో కన్నుమూశారు. ఆమె కోడలు ఆ కాగితాన్ని చదివించుకుని, మడిచి మళ్ళీ మాకే ఇచ్చేసింది. తిరుగు దారిలో ఇంద్రాణి గారు మరుసటి వారం చూడాల్సిన బృందాల గురించే మాట్లాడారు. నన్ను తిట్టి ఉంటే నాకు బాగుండేది.

గత వారం బాధ్యతలు అప్పగిస్తూ వారు కింది అరలోని ఫైళ్ళ కోసం వంగి ఏదో కూనిరాగం తీశారు. అవి ఐలమ్మ గారి పాటలేనా అని అడిగాను.

"అవేనండీ. ఏడు నేర్చుకున్నాను. ఇలా వంగితే ఒకటో రెండో చరణాలు వస్తాయి. మిగతావి మడిలో దిగితే గానీ రావు."

"ఆవిడ వెంట పాడిన ఆరుగురికీ వచ్చు కదా?"

"వాళ్ళకి వంత ఒక్కటే వచ్చండీ. పాట ఎత్తుకుని చరణాలు పాడేది ఆవిడే. ఆవిడ తరువాత నేనే."

ముప్పై నాలుగేళ్ళ సేవకు వీడ్కోలు పలికే ఈ సందర్భంలో ఆనందంగా రాయాలనే కూర్చున్నాను, చేతకాలేదు. నా పత్రం మీది ఒక్క వాక్యం వల్ల పోయిన రెండేళ్ళను నేను తిరిగి ఇవ్వలేను. వచ్చే వానాకాలానికి ఎక్కడైనా ఒక మడి వెతికి, రికార్డు చేసే మనిషితో సహా గట్టు మీద నిలబడతానని మాత్రం మాట ఇస్తున్నాను.

ఇంద్రాణి గారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, కుటుంబ సమేతంగా చిరకాలం వర్ధిల్లాలని సమితి పక్షాన కోరుకుంటున్నాను. ఇలాంటి వీడ్కోలు సంచికల కోసం ఇలాంటి వాక్యాలు ఇంతకుముందు చాలా రాశాను, అన్నీ మర్యాద కొద్దీ రాసినవే. ఇది మాత్రం భయంతో రాస్తున్నాను.