పడుగు దిగిందాకా

భద్రమ్మ మేడ కావాలనలా, మిద్దె కావాలనలా. పొడిగా ఉండే మగ్గం గుంట ఒక్కటుంటే చాలనుకుందంట. మగ్గం గుంటంటే ఏందని చూస్తన్నారా పిల్లలూ, మీరు మర మగ్గాలే ఎరుగుదురు. చేతి మగ్గం నేసేవోడు కాళ్లు దించుకుని తొక్కే గొయ్యి అది. వాళ్లుండే అద్దె కొంపేమో పల్లంలో ఉంది. వాన కురిసిందంటే గుంటలో నీళ్లు ఊరేవి. ఆమె మొగుడు భావన్న ఆ నీళ్లు చెంబుతో తోడిపోసుకుని, అడుగున గోనెపట్టా పరుచుకుని, దాని మీద కాళ్లు పెట్టి నేసేవోడు. ఎన్ని వానలు అట్టా నేశాడో. దగ్గు పట్టుకుంది. మొదట వానాకాలం దగ్గే అనుకున్నారు, అది ఎండల్లో కూడా పోలా. ఆస్పత్రిలో డాక్టరు ఏమన్నాడంటే, మందులు నేనిస్తా, ఆ చెమ్మలో కూచున్నన్నాళ్లూ నీ రొమ్ము మాత్రం బాగుపడదయ్యా అన్నాడంట. భద్రమ్మ బయటికొచ్చి, ఏమయ్యా, మనం ఇల్లు కొనాల, అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలా.

ఆ వీధిలోనే మెరక మీద కోటిలింగం ఇల్లు ఉండేది. భావన్నకి బాబాయి వరస. ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టాడనుకో, సరదాకేం కాదు, పెళ్లాం చిట్టెమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడితే అప్పులైపోయినై. భద్రమ్మ ఉన్న బంగారం అమ్మింది, మిగతాదానికి బ్యాంకులో లోను పెట్టారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకాలు పెట్టాల అన్నారంట, పెట్టారు. బ్యాంకు లాయరు పాత దస్తావేజులన్నీ చూశాడు, ఈసీ తీయించాడు, ఏడా తాకట్టు లేదు, వాటాదారుల పేచీ లేదు, కొనుక్కోండి అన్నాడు. వీళ్లు లేచి వస్తంటే మళ్లీ వెనక్కి పిలిచి, ఒక్కమాటమ్మా, ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి నీ చేతిలో పెట్టిందాకా రిజిస్ట్రేషనుకి పోమాకండి అన్నాడంట. మంచిమాటే చెప్పాడు. వినపడింది కూడా. అయితే వీళ్లు ఏమనుకున్నారంటే, అది ముక్కూ మొహం తెలియనోళ్ల కాడ కొనేవాళ్లకి చెప్పేమాట, మా బాబాయి కాడ కొంటే మాకెందుకులే అనుకున్నారు.

రిజిస్ట్రేషను ముందురోజు భావన్న పోయి, బాబాయ్, మరి ఖాళీ ఎప్పుడు చేస్తావని అడిగితే, కోటిలింగం మగ్గం వైపు చూపించాడు. 'పడుగు మీదుందిరా అబ్బాయ్. పడుగు దిగంగానే పోతా. ఇంక నీ ఇష్టం,' అన్నాడు. మనోళ్ల సంగతి మీకు తెలుసు. పడుగంటే చీరకి నిలువునా సాగదీసిన పోగులు, అవన్నీ నేసి దిగిందాకా మగ్గాన్ని కదిలించరు. ఇంట్లో పీనుగు లేచినా మగ్గానికి గుడ్డ కప్పుతారు గానీ పోగు కొయ్యరు. పసిబిడ్డ నోటికాడ రొమ్ము లాగేసినంత పాపం అంటారు. భావన్న నేతింట్లో పుట్టి పెరిగినోడు మరి, సరే బాబాయ్, పడుగు దిగిందాకా ఉండు అని వచ్చేశాడు. మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు చదివి వినిపించారు. ఇల్లు ఈరోజే స్వాధీనం చేశాం అని ఉంది అందులో. భద్రమ్మకి చెవిన పడింది, మొగుడి మోచెయ్యి తట్టింది. ఆయన, ఊరికే రాస్తారులేవే అన్నాడు, సంతకం పెట్టాడు. ఆ కాగితం బ్యాంకోళ్లు తీసుకెళ్లి వాళ్ల బీరువాలో పెట్టుకున్నారు. వీళ్లు తిరిగి పల్లంలో కొంపకే వచ్చారు.

ఇంక చూడండి. నెల తిరిగేసరికి బ్యాంకు కిస్తీ కట్టాల, ఈ అద్దె కూడా కట్టాల. పోనీలే, ఒక్క పడుగేగా, నాలుగైదు చీరలు దిగితే అయిపోయిద్ది అని, కొత్తింటి గుమ్మానికి పసుపు కూడా కొని పెట్టుకుంది పిచ్చిది. ఏమైందంటే, ఒకరోజు కోటిలింగం కబురు పంపాడు, భద్రమ్మని పడుగు అతకడానికి రమ్మని. అతకడమంటే ఇదీ: మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే దాన్ని పూర్తిగా దించరు, కొసలు వదిలి, కొత్త పడుగు పోగుల్ని ఆ కొసలకి ఒక్కొక్కటే కలిపి మెలేస్తారు. వేళ్లకి బూడిద రాసుకుని పొద్దుగూకులూ కూచునే పని. ఆ వీధిలో భద్రమ్మ అంత బాగా అతికేవాళ్లు లేరు. కబురు వినంగానే ఆమెకి అర్థమైపోయింది. అతికితే ఇంకో పడుగు ఎక్కినట్టే. అతకనని చెప్పేద్దామనే పోయింది.

పోతే ఏముంది, చిట్టెమ్మ మంచంలో నుంచి ఒక్క చెయ్యి ఎత్తి, రామ్మా అన్నట్టు ఊపింది. మాట లేదు ఆమెకి. కోటిలింగం అన్నాడు కదా, 'అమ్మాయ్, షావుకారు ఈ ఒక్క పడుగూ ఇచ్చాడు. ఇది నేసి ఆ డబ్బు అడ్వాన్సు కట్టుకుని వేరే ఇల్లు చూసుకుంటా. ఇల్లమ్మిన డబ్బంతా అప్పులకీ ఆస్పత్రికీ పోయింది. మంచంలో మనిషిని పెట్టుకుని వీధిలో పడమంటావా?' అన్నాడు. మీరైతే ఏమంటారు? భద్రమ్మ బూడిద అందుకుంది. తన ఇంట్లో కూచుని, తనని బయట ఉంచే పడుగుని తన వేళ్లతోనే అతికింది. అతుకుతుంటే ఏడుపొచ్చిందంట గానీ, పోగు తడిస్తే మెలిక పడదని ఆపుకుందంట. కూలి ఇస్తే తీసుకుంది. రెండోసారి కబురొస్తే రెండోసారీ పోయింది. మూడోసారి పోలా. పోకపోతే ఏం, వేరేవాళ్లొచ్చి అతికారు. అట్టా అతుక్కుంటా పోతే పడుగు దిగేదెప్పుడు? నేతోళ్లకి తెలియని సంగతా అది? తెలుసు. తెలిసే బాబాయీ అబ్బాయీ ఇద్దరూ పడుగు దిగిందాకా అన్న మాట అనుకున్నారు.

వానలు పడ్డాయి. గుంటలో నీళ్లొచ్చినై. ఈసారి భావన్న నెత్తురు కక్కాడు, మగ్గం ఆగింది, కిస్తీలు తప్పినై. భద్రమ్మ ఆ బ్యాంకు లాయరు కాడికే పరిగెత్తింది. బాబూ, ఇల్లే మా చేతికి రాలేదు, కిస్తీ ఎందుకు కట్టాల అని అడిగింది. ఆయన తలపట్టుకుని, 'ఇంట్లో ఎవరున్నారనేది నీకూ ఆయనకీ మధ్య తగువమ్మా. బ్యాంకు అప్పిచ్చింది నీకు. ఇల్లు వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. పైగా స్వాధీనం అందిందని నీ మొగుడే సంతకం పెట్టాడు. ఇప్పుడు దావా వేసుకోవాల,' అన్నాడు. వేసింది. కోర్టంటే ఏముంది, వాయిదా, మళ్లీ వాయిదా. చివరికి ఓ రోజు బోనెక్కింది. అవతలి వకీలు పెద్దగా ఏం అడగలా. 'ఈయన్ని ఉండమన్నది మీరేనా?' అన్నాడు. పడుగు దిగిందాకా అన్నాం బాబూ అంది. 'దిగిందా?' లేదు. 'ఎందుకు దిగలేదు? కొత్త పడుగు అతికారు కదా. అతికిందెవరు?' అన్నాడు. భద్రమ్మ చేతులు చూసుకుంది. 'నేనే,' అంది. కూలి తీసుకున్నావా అంటే, తీసుకున్నా అంది. ఇంకేం అడగలేదంట ఆయన, కూచున్నాడు.

తీర్పు రాకముందే భావన్న పోయాడు. ఆ పల్లపు కొంపలోనే. శవాన్ని కడగడానికి వీధి కుళాయి నీళ్లు తేనక్కర్లా, గుంటలోనే ఉన్నాయి, అని ఒకామె అంటే భద్రమ్మ ఆమె మొహం మీద ఉమ్మిందంట. మంచి పని చేసింది. కోటిలింగం కూడా వచ్చాడు పాడె మొయ్యడానికి. వద్దనలేదు ఆమె.

మొగుడు పోయినా ఆమె సంతకం ఉందిగా, నోటీసులు ఆమెకొచ్చినై. ఆనక బ్యాంకోళ్లు కలెక్టరు కాడ ఉత్తర్వు తెచ్చుకుని, పోలీసుల్ని వెంటేసుకుని మెరక మీద ఇంటికొచ్చారు. వీధంతా చేరింది. కోటిలింగం మగ్గానికి అడ్డం నిలబడి, పడుగు మీదుందయ్యా, దిగిందాకా ఆగండి అని చేతులు జోడించాడు. వాళ్లకేం తెలుసు పడుగంటే? వాళ్లలో ఒకడు గూట్లో ఉన్న కత్తెర తీసి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగదీసి ఉన్న పోగులన్నీ పరపరా కోసేశాడు. సగం నేసిన చీర దానిపాటున అది కింద పడింది. మగ్గం బయటపెట్టారు, చిట్టెమ్మని మంచంతో సహా బయటపెట్టారు, తాళం వేసి సీలు కొట్టారు. పొద్దున వచ్చినోళ్లు అన్నాల వేళకి వెళ్లిపోయారు. కోర్టు ఇన్నేళ్లు చెయ్యలేని పని అనుకోండి.

భద్రమ్మ అప్పటిదాకా గోడకానుకుని చూస్తానే ఉందంట. కోటిలింగం ఆమె కాళ్ల దగ్గర కూలబడి, కోసేశారమ్మా, పడుగు కోసేశారమ్మా అని ఏడుస్తన్నాడు. ఆమె ఏమందంటే, 'కత్తెర మా ఇంట్లో కూడా ఉంది మామయ్యా. ఆయన బతికున్నప్పుడు నాకు గుర్తు రాలా,' అంది. అని ఇంటికి పోయింది. ఇల్లు వేలంలో ఎవరో పట్నపోళ్లు పాడుకున్నారు. ఆ డబ్బు అప్పుకి సరిపోలేదంట, మిగతాదానికి ఇప్పటికీ నోటీసులొస్తానే ఉన్నై ఆమెకి.

అదీ కథ. ఇల్లు కొనేవాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉంటే, అమ్మేవాడు అన్నైనా బాబాయైనా సరే, గదులన్నీ తిరిగి చూసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాకే సంతకం పెట్టండి. ఆ, చెప్పడం సుళువే. మొన్న మా చెల్లెలు కూతురు అడిగింది నన్ను, ఏం పెద్దమ్మా, భద్రమ్మ చోట నువ్వుంటే మొదటిరోజే పడుగు కోసేసేదానివేగా అని. లేదే, నేనూ అతికేదాన్నే అన్నా. నవ్వుతారేంటి? మీరు మాత్రం కోస్తారా?