నాలుగు వేళ్లు తక్కువ

పాత తుపాకీ గొట్టంలో మందు ఇంకా మిగిలి ఉంటుందేమోనన్నదే నాకున్న పెద్ద భయం. మా మామయ్య ఇంటి ముందుగదిలోనే పాత తుపాకుల ఇనుప భాగాలు బాగుచేస్తారు. ఈ ఉదయం చీలిన గొట్టం ఒకటి బల్లమీద పెట్టి ఆయన గ్యాసు మంట వెలిగించబోతుంటే, పిల్లాడిని చంకనేసుకుని వెళ్లి అడ్డుపడ్డాను.

"మామయ్యా, లోపల కడ్డీ దూర్చి చూశారా?"

"దీన్ని పేల్చినవాడి మునిమనవడికే పళ్లూడిపోయి ఉంటాయమ్మా. ఇంకా మందెక్కడిది?"

"చూశారా, లేదా?"

"కడ్డీ ఏదీ? దానిమీద నీ కొడుకు గుడ్డలు ఆరేశావుగా!"

"ఇదిగో, తెచ్చాను. దూర్చండి."

"దూర్చాను. చాలా?"

"చాలదు. గొట్టం మూతి దగ్గర కడ్డీమీద సుద్దగీత పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించండి. చూశారా, గొట్టం అడుగుదాకా పోలేదు, నాలుగు వేళ్లు తక్కువొచ్చింది. లోపల ఏదో ఉంది."

"తుప్పయ్యుంటుంది."

"మందయితే?"

"నలభై ఏళ్లుగా చేస్తున్నవాడికి పాఠం చెబుతున్నావా, ఎనిమిదో తరగతీ?"

"ఎనిమిదో తరగతికి తెలిసిన భయం మీకెందుకు తెలియదు? నీళ్లు పోసి నానబెట్టండి."

"పోస్తాలే. ముందీ చీలిక అతికించనీ."

"అదే వద్దంటున్నా, మామయ్యా!"

"టీకాకి టైమవుతోంది, నువ్వెళ్లు తల్లీ."

ఆయన గ్యాసు వెలిగించే లైటరు కొంగున ముడేసుకుని వచ్చేశాను. ఇక్కడ టీకాల వరుసలో నా ముందు ఇంకా ఇరవై మంది ఉన్నారు. వంటింట్లో అగ్గిపెట్టె ఉన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. మీలో ఎవరైనా మా వీధివైపు వెళ్తుంటే, ఒక్కసారి తలుపు తట్టి మా మామయ్యను చూడండి.