పీపా చిక్కిపోయాడు

వేసవి సెలవుల తర్వాత నాటకం మళ్లీ మొదలయ్యే సాయంత్రం అది. రంగస్థలం వెనక, నటులు రంగులు పూసుకునే గదిలో ముగ్గురున్నారు: జనం ‘పీపా’ అని పిలిచే హాస్యనటుడు, నాటక సమాజాన్ని నడిపే అతని బావ, బట్టలు కుట్టే సూదమ్మ.

“ఇంకాస్త బిగించు సూదమ్మా. జారిపోతోంది.”

“ఇంకెక్కడ బిగించను మేనేజరుగారూ? ఈ లాగులో పక్కింటివాళ్లని కూడా కాపురం పెట్టించొచ్చు. బాబూ, రెండు కాళ్లూ ఒకే గొట్టంలో దూర్చి చూడు.”

“దూర్చాను. ఇంకా గాలి ఆడుతోంది. ఈ ఎండలకి హాయిగానే ఉంది సూదమ్మా.”

“హాయిగా ఉందట. ఒరేయ్, ఊళ్లో గోడ కనబడితే చాలు నీ బొమ్మ అంటించాను. ఏం బొమ్మ అది? గోడ చాలని బొమ్మ. దాని కింద ఏమని రాయించాను, చెప్పు.”

“‘పీపా మళ్లీ దొర్లుకొస్తున్నాడు’ అని.”

“దొర్లేది ఏదిరా ఇప్పుడు? నా తలకాయా?”

“దానికేం బావా, గుండ్రంగానే ఉంది.”

“సూదమ్మా, నవ్వకు.”

“నవ్వడం లేదండీ. పళ్ల మధ్య గుండుసూదులున్నాయి, మూతి అలా వచ్చింది.”

“నిన్న వీడు బస్సు దిగితే నేను వీణ్ణి దాటుకుని వెళ్లిపోయాను. వెనకాల ఎవరో లావుపాటాయన వస్తుంటే, మావాడే కదా అని ఆయన చేతిలో సంచీ లాక్కున్నాను.”

“ఆయన దొంగ దొంగ అని అరుస్తుంటే, నేను ‘బావా ఇటు, బావా ఇటు’ అంటూనే ఉన్నాను సూదమ్మా. వినిపించుకుంటేగా.”

“గొంతు నీదే. ఒళ్లు నీది కాదు. ఎలా నమ్మమంటావు? సరే, ఇప్పుడు చెప్పు. దాచకుండా చెప్పు. జబ్బా?”

“కాదు.”

“ప్రేమా?”

“ఎవరితో? నాటకంలో నేను విరగ్గొట్టే కుర్చీతోనా?”

“ఆ రెండో నాటక కంపెనీవాడేమైనా నిన్ను దగ్గరికి తీసి, పాడుచేసి పంపించాడా? వాడికి నా మీద కడుపుమంట.”

“వాడికి కడుపుమంట అయితే వాడు చిక్కాలి గానీ నేనెందుకు చిక్కుతాను బావా?”

“మరి తిండి మానేశావా?”

“లేదే. తిన్నాను. ఆకలేసినప్పుడు తిన్నాను.”

“అంటే?”

“అంటే, ఆకలేసినప్పుడు తిన్నాను. వెయ్యనప్పుడు ఊరుకున్నాను.”

“అదేం తిండిరా? అలా ఎవరైనా తింటారా?”

“లోకమంతా అలాగే తింటుందట. నాకే ఈ వేసవిలో తెలిసింది.”

“మా ఇంట్లో అలా కాదు బాబూ. వండినప్పుడు తింటాం. ఆకలే మాకోసం కూర్చుని ఎదురుచూస్తుంది.”

“సూదమ్మా, నువ్వు కుట్టు. ఒరేయ్, ఎండల్లో విశ్రాంతిగా ఉంటుందని నిన్ను మీ పెద్దమ్మ దగ్గరికి పంపించాను. ఉత్తినే పంపించలేదు. ఫోను చేసి మరీ చెప్పాను ఆవిడకి, వాడికి పుష్టిగా పెట్టండి, పుష్టిగా పెట్టండి అని. రెండుసార్లు చెప్పాను.”

“పెద్దమ్మకి చెవుడు బావా.”

“అయితే?”

“‘మీ బావ ఫోను చేశాడురా, నీకు పుచ్చకాయ పెట్టమన్నాడు, పాపం రెండుసార్లు చెప్పాడు’ అంది.”

“పుచ్చకాయా?”

“పెట్టింది కూడా. పొద్దున్న పుచ్చకాయ, మధ్యాహ్నం పుచ్చకాయ. అన్నం వండి మూత పెట్టి, ‘కావాలంటే తిను’ అని పడుకునేది. తిన్నావా అని అడగదు. ఇంకాస్త వెయ్యనా అని అడగదు. అడిగినా నా జవాబు వినపడదుగా ఆవిడకి. మొదటి రోజు నేను ఆ మూత వైపు చూస్తూ కూర్చున్నాను. పక్కన ఎవరూ నిలబడలేదు. ‘ఊఁ, కానీ’ అనేవాళ్లు లేరు. తినాలో వద్దో నాకు తెలీలేదు.”

“తినాలో వద్దో తెలీకపోవడమేంటి? నోరుంది, అన్నముంది.”

“రెండో రోజుకి కడుపులో ఏదో అయింది. గుడగుడమంటోంది. లోపల్నించి ఎవరో లాగుతున్నట్టుంది. భయమేసింది. పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను, ‘నాకేదో జబ్బు చేసింది, డాక్టర్ని పిలవండి’ అని. ఆవిడ నా పొట్ట మీద చెయ్యి పెట్టి కాసేపు చూసి, ఏమందో తెలుసా?”

“ఏమంది?”

“‘అది ఆకలిరా వెధవా’ అంది.”

“సూదమ్మా, ఈసారి మాత్రం నవ్వావు. సూదులు తీసేశావుగా, కనబడుతోంది.”

“నవ్వలేదండీ. ఇది నవ్వు కాదు.”

“సరే. కథ బాగుంది. నీ ఆకలి నీకు దొరికింది, సంతోషం. నా నాటకం మాటేంటి? ఇంత వయసొచ్చాక నీకు ఒళ్లు తగ్గించుకోవాలనే బుద్ధి పుట్టిందే, నిన్ను పెంచినవాడి గురించి ఒక్కసారైనా అనుకున్నావా?”

“పెంచావు బావా. కాదనను. అడ్డంగా పెంచావు.”

“చూశావా సూదమ్మా, నోరు మాత్రం చిక్కలేదు వీడికి. ఆ దూది పొట్ట ఇలా తే. కట్టు. వెనక ముడి గట్టిగా వెయ్యి. ఊఁ, కాస్త నయం. దూరం నించి చూస్తే పాతవాడే.”

“ఉక్కపోస్తోంది బావా.”

“నీ సొంత పొట్ట ఉన్నప్పుడు ఉక్కపొయ్యలేదా?”

“పోసేది. దాన్ని విప్పే వీలు లేదుగా, నోరు మూసుకున్నాను.”

“ఇప్పుడూ అదే పని చెయ్యి. ఇదిగో కుర్చీ. రెండో అంకంలో పెళ్లికూతురు కూర్చోమంటుంది, నువ్వు కూర్చుంటావు, అది విరుగుతుంది. కూర్చో. చూద్దాం.”

“కూర్చున్నాను.”

“ఏది, కిర్రుమనదేం? ఊగు. గట్టిగా ఊగు.”

“ఊగుతున్నాను.”

“ఇదివరకు నువ్వు వంగి చూస్తేనే విరిగేది. సరే, వడ్రంగిని పిలిపించి కాళ్లు సగానికి కోయిస్తాను. ఇంకా టైముంది.”

“వద్దు బావా. కోయించకు. నేను పడను.”

“కోస్తే ఎందుకు పడవు?”

“కుర్చీ విరగదని కాదు. నేను పడనంటున్నాను. ఇవాళా పడను, రేపూ పడను. ఆ సీను తీసెయ్.”

“ఆ సీను తీసేస్తే నాటకంలో మిగిలేదేంటిరా? పెళ్లికొడుకు ఏడుస్తూ పాడే పాట. దానికోసం వస్తారా జనం?”

“రారు.”

“మరి?”

“మరేం లేదు. నేను పడను.”

“ఇన్నాళ్లూ పడ్డావుగా. ఇప్పుడేమొచ్చింది?”

“సెలవులకి ముందు ఆఖరి ఆట గుర్తుందా?”

“గుర్తులేకేం? హాలంతా ఊగిపోయింది. నువ్వు అంత బాగా ఎప్పుడూ పడలేదు.”

“అవును. ఎప్పుడూ పడలేదు. ఎందుకంటే అది నిజంగా పడడం.”

“నిజంగా అంటే?”

“కళ్లు చీకట్లు కమ్మాయి. ఆటకి ముందు నువ్వు పంపించిన పళ్లెం ఇంకా ఇక్కడే ఉంది, గొంతు కింద. ఊపిరికి దారి లేదు. లేవబోతే చెయ్యి లేవలేదు. ‘బావా’ అన్నాను. జనం నవ్వారు. మళ్లీ అన్నాను. ఇంకా నవ్వారు.”

“అది… నువ్వు కల్పించిన డైలాగనుకున్నాను.”

“నాటకంలో నాకు బావ లేడు. నువ్వు తెర పక్కన నిలబడి వేలు చూపించావు. ఒకటి. అంటే ఇంకోసారి పడమని.”

“నేనా? నేను చూపించలేదు.”

“చూపించారండీ. నేను మీ పక్కనే ఉన్నాను.”

“నిన్నెవరడిగారు సూదమ్మా? నువ్వు కుట్టు.”

“కుడుతూనే ఉన్నాను. కుట్టేవాళ్లకి కళ్లుండకూడదా?”

“అంత బాధపడితే తెర దిగాక చెప్పొచ్చుగా నాకు.”

“చెప్దామనే వచ్చాను. నువ్వు వీపు మీద చరిచి, ‘అద్భుతంరా, ఇకనించి రోజూ ఇలాగే పడాలి’ అన్నావు. అని, ఇంకో పళ్లెం తెప్పించావు.”

“తిన్నావుగా.”

“తిన్నాను.”

“ఊపిరాడనివాడివి ఎందుకు తిన్నావు మరి?”

“అది వదిలెయ్.”

“వదలడమేంటి? ఎవరైనా నీ నోట్లో కుక్కారా? నేను కుక్కానా? చెప్పు, సూదమ్మ కూడా వింటుంది.”

“వదిలెయ్యమన్నానుగా బావా.”

“…సరే. కుర్చీ తీయించేస్తాను.”

“ఏమన్నావు?”

“చెవుడు నీకూ అంటుకుందా? కుర్చీ తీయించేస్తానన్నాను. పెళ్లికూతురు కూర్చోమంటుంది, నువ్వు ‘కూర్చోను’ అను. ఎంత బతిమాలినా ‘కూర్చోను’ అను. ఏదో ఒకటి చెయ్యి. జనం నవ్వితే నవ్వుతారు, లేకపోతే చెప్పులు విసురుతారు. విసిరితే నేనే ఏరుకుంటాను. సూదమ్మా, ఆ దూది విప్పెయ్.”

“ముడి గట్టిగా వేయించారండీ.”

“కత్తిరించెయ్. చొక్కా వీడి ఒంటికి సరిపడా కుట్టు. అయిందిగా? ఇక భోజనం చెయ్యి. ఆ బల్ల మీద పెట్టించాను. చల్లారిపోతోంది.”

“ఆకలి లేదు బావా.”

“కొంచెమే పెట్టించాను.”

“చూశాను. మూత పట్టలేదు.”

“రెండు ముద్దలు తిను.”

“వద్దు.”

“ఒక్కటి. నేను కలిపి ఇస్తాను.”

“నీకేమైనా పిచ్చా బావా? ఇవాళ ముద్ద తింటే తెర లేచేలోపు లావెక్కిపోతానా? కుర్చీ కూడా తీయించేశావు. ఇంకా ఎందుకు పెడుతున్నావు?”

“ఎందుకంటే ఏం చెప్పను? అలవాటు.”

“ఎవరి అలవాటు?”

“బొత్తాల డబ్బా ఆ గదిలో మర్చిపోయాను మేనేజరుగారూ. వెతికి తెస్తాను. కాస్త ఆలస్యమవుతుంది.”

“డబ్బా నీ ఒళ్లోనే ఉంది సూదమ్మా.”

“ఇది కాదండీ. ఇంకోటి.”

“…వెళ్లిపోయింది. ఇప్పుడు చెప్పు బావా. నన్ను కొవ్వెక్కించి ఆడించుకుంటున్నావని జనం అంటుంటే, నిజం చెప్పాలంటే, పెద్దమ్మ ఇంట్లో పడుకుని నేనూ అదే అనుకున్నాను. బండికి కట్టే ఎద్దుకి దాణా వేసినట్టు వేస్తున్నాడు అనుకున్నాను.”

“అనుకో. అలా అనుకోవడమే నీకు సుఖంగా ఉంటే అనుకో.”

“కాదా మరి?”

“మీ అక్క…”

“అక్కని మధ్యలోకి తేకు.”

“నేను తేలేదురా. తనే వచ్చింది. ఆస్పత్రిలో ఆఖరి రోజు నిన్ను మందుల కొట్టుకి పంపించింది, గుర్తుందా?”

“వాళ్లు ఆ మందే లేదన్నారు.”

“లేదు. అలాంటి మందే లేదు. నాతో మాట్లాడాలని నిన్ను పంపించింది. ‘వాడికి అమ్మ లేదు. ఇప్పుడు నేనూ ఉండను. వాడు నోరు తెరిచి అడిగే రకం కాదు. అడగకుండానే పెట్టు’ అంది. వేరే ఏమీ అడగలేదు నన్ను. నాకు బుజ్జగించడం రాదు, కూర్చోబెట్టి మాట్లాడడం రాదు. పెట్టడం ఒక్కటే వచ్చింది. పెట్టాను. నువ్వు లావెక్కావు. నిన్ను చూసి జనం నవ్వారు. నవ్వుతున్నారు కదా అని నాటకంలోకి దింపాను. అది తర్వాతి సంగతిరా. ఆ తర్వాత బుద్ధి గడ్డి తింది, కాదనను, ఆ వేలు చూపించింది నేనే. కానీ మొదటి పళ్లెం మాత్రం నాటకం కోసం పెట్టలేదు. తిట్టాలంటే తిట్టు.”

“నువ్వు డాక్టరు గదిలోకి వెళ్లినప్పుడు అక్క నాతోనూ మాట్లాడింది బావా.”

“నీతోనా? ఏమంది?”

“‘మీ బావకి ఇక ఎవరూ ఉండర్రా. పళ్లెం పెడితే వద్దనకు, నొచ్చుకుంటాడు’ అంది. ఇన్నేళ్లలో నీ పళ్లెం ముందు ఒక్క పూటైనా ఆకలేసి కూర్చున్నాననుకున్నావా?”