దొరకి వేసిన లారీ ఇరుసు

పైడన్న మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు వాణ్ణి తిట్టుకుంటే నా పూచీ కాదు. సీమలవలసలో వాడింటి ముందు ఒక కారుండేదనుకో. కారంటే ఇప్పటి అగ్గిపెట్టె కార్లు కాదు. ఎప్పుడో గోనెసంచుల మిల్లు నడిపిన తెల్లదొర అమెరికా నుంచి ఓడమీద తెప్పించుకున్నదంట. ఎనిమిది సిలిండర్ల ఇంజను, నులకమంచమంత బానెట్టు, స్టార్టు చేస్తే మూడు వీధుల అవతల మేకలు తాళ్లు తెంపుకునేవి. దొర పోయేటప్పుడు డ్రైవరుకి, అంటే పైడన్న తండ్రికి, ఆర్నెల్ల జీతం బదులు ఆ కారిచ్చి పోయాడు. అందుకని ఊరంతా దాన్నే 'దొర' అనేవాళ్లు. "ఈరోజు దొర లేవలేదా పైడన్నా?", "దొరకి పొగ ఎక్కువైనట్టుందే" అని అడిగేవాళ్లు. పైడన్న వెనక సీటు పీకేసి దాన్లో చింతపండు బస్తాలు తోలేవాడు. నవ్వకు రాములమ్మా, మీ ఆయన పెళ్లికోటు వేసుకుని పేడ ఎత్తడం నేను చూశాను.

ఊరి పక్క కొండమీద గూడేలవాళ్లకి ఒక కట్టుబాటుంది. ఏటా చింతపండు దించేముందు బళ్లకి పందెం పెడతారు. కింద గెడ్డవాగు దగ్గర్నుంచి పన్నెండు బస్తాల ఇసుకేసుకుని ఏడు వంపుల ఘాటీ ఎక్కి పైన జెండా దాకా పోవాలి. జారినా పర్వాలేదు, మళ్లీ ఎక్కితే చాలు. కానీ చక్రం వెనక రాయి పడిందా, ఆ బండి ఓడినట్టే. ఆ రాయి కూడా ఎవరు పడితే వాళ్లు పట్టుకోకూడదు, బండివాడి ఇంటిమనిషే పట్టుకుని వెనక నడవాలి. పరాయివాడైతే కుళ్లుకొద్దీ ముందే వేసేస్తాడని. ఎక్కిన బండికే ఆ ఏడాది చింతపండు తోలకం. రెండెక్కితే చెరిసగం. పైడన్నకి ఇంకో ఆధారం లేదు, పొలమూ లేదు. ఆ తోలకమే వాళ్లకి ఏడాది తిండి. తొమ్మిదేళ్లు దొర ఒక్కడే ఎక్కాడు. తొమ్మిదేళ్లూ వాడి పెళ్లాం అచ్చియ్యమ్మ రాయి నెత్తిన పెట్టుకుని వెనక నడిచింది, ఒక్కసారీ దించలేదు.

పదో ఏడు ఏమైందంటే, వెనక ఇరుసు విరిగిపోయింది. ఇంజను బలం అలాగే ఉంది, ఇరుసే ముసలిదైపోయింది. టౌను నుంచి చిన్నారావు మేస్త్రీ వచ్చి కిందకి దూరి చూసి, "దీని ఇరుసు అమెరికాలో దొరకాలి. లేదా లారీది వేసేద్దాం, మీ మనవలు కూడా తోలుకోవచ్చు" అన్నాడంట. వీళ్లకి పిల్లలే లేరు, అయినా పైడన్న మురిసిపోయాడు. లారీ ఇరుసుకి గేదె పోయింది. పూటకి నాలుగు లీటర్లిచ్చే గేదె. సరే ఇరుసొచ్చింది. వస్తే దొర చక్రాలకి అయిదు బోల్టులు, దీనికి ఆరు. మళ్లీ లారీ చక్రాలు కొనాలి. వాటికి అచ్చియ్యమ్మ పుట్టింటివాళ్లిచ్చిన ఇత్తడి గంగాళం పోయింది. చక్రాలు వేస్తే ఇంజను నుంచి ఇరుసుకి పోయే రాడ్డు అందలేదు. దాన్ని కోసి అతకడానికి ఆవిడ కాళ్ల కడియాలు పోయాయి. ఇంతా చేస్తే దొర వెనక లేచి ముందు వంగి, ఊరందరికీ దణ్ణం పెడుతున్నట్టు నిలబడ్డాడు. అప్పుడు మేస్త్రీ చెయ్యి తుడుచుకుంటూ, "ఇంక బ్రేకు పంపు మార్చాలి. ఈ చక్రాలకి పాత పంపు చాలదు" అన్నాడు. పైడన్న పెళ్లాం వైపు చూశాడంట. ఆవిడ ఇంటికప్పు పెంకుల వైపు చూసి, "అవొక్కటే మిగిలాయి" అంది. దానికి వీడు, "ఎక్కే బండికి బ్రేకుతో ఏటి పని? దిగేటప్పటికి చూద్దాంలే" అన్నాడు. అలాంటి తెలివి మగాళ్లకే వస్తుంది. ఒరే తవుడూ, నిన్ను కాదురా, నీకు ఆ మాత్రం కూడా రాదు.

బిగించడం సాయంత్రానికి అయింది. మేస్త్రీకి ఆఖరి బస్సు తొందర. తిప్పి చూద్దామంటే, పైడన్న అప్పటికే నాలుగు చక్రాలకింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బొట్లు పెట్టేశాడు. నిమ్మకాయ పెట్టాక పందెం వేళ దాకా చక్రం కదలకూడదని వాళ్ల నాన్ననాటి పట్టింపు. మేస్త్రీ, "నీ ఇష్టం" అని బస్సెక్కేశాడు. తెల్లారింది. ఊరంతా చేరింది. పైడన్న తలస్నానం చేసి, దొరని స్టార్టు చేసి, ఒకటో గేరు వేశాడు. దొర గబాలున వెనక్కెళ్లి కోళ్ల గూడు తొక్కేశాడు! రెండో గేరు వేశాడు. ఇంకా జోరుగా వెనక్కెళ్లి గోడ దగ్గర ఆగాడు. ఏమైందంటే, మేస్త్రీ తొందరలో ఇరుసు తిరగేసి బిగించేశాడు. ముందు గేర్లన్నీ వెనక్కి, వెనక గేరొక్కటే ముందుకి. అచ్చియ్యమ్మ తమ్ముడు నూకరాజు అక్కడే ఉన్నాడు. ఆ ఏడే కొత్తగా చిన్న లారీ కొన్నాడులే. వాడు నవ్వి నవ్వి కూలబడి, "బావా, దొర అమెరికా పోతానంటున్నాడు, అడ్డెయ్యకు, పోనీ" అన్నాడంట. అచ్చియ్యమ్మ, "నువ్వు నోర్ముయ్యరా" అని, మొగుడితో, "ఇప్పి మళ్లీ వెయ్యడానికి ఎంత సేపు?" అంది. "ఒక రోజు." "పందెం?" "గంటలో." తర్వాత పైడన్న, "వెనక గేరులోనే ఎక్కించేస్తాను. దానికీ బలం ఉంటాది" అన్నాడు. బలం ఉంది, నిజమే. కానీ ఆ గేరు ఎప్పుడో పది గజాలు జరగడానికి పెట్టింది, మూడు మైళ్ల కొండకి కాదు. చెయ్యి తీస్తే ఊడిపోతుంది. అందుకని గేరు కొమ్మని తువ్వాలుతో సీటుకి కట్టేశాడు.

ముందు నూకరాజు లారీ ఎక్కింది. పాటలు పెట్టుకుని మరీ ఎక్కేసింది. తర్వాత దొర. అప్పుడు నేను అక్కడ లేను, పంటి నొప్పి. కానీ చూసినవాళ్లకంటే బాగా చెప్తాను, వాళ్లు భయంతో కళ్లు మూసుకున్నారు. దొర బయల్దేరాడు. ఆ గేరు అరుపు విని గెడ్డలో స్నానాలు చేసేవాళ్లు బయటికొచ్చేశారంట. మనిషి నడకంత జోరు. వెనక అచ్చియ్యమ్మ, నెత్తిన రాయి. మొదటి వంపు, రెండు, మూడు. ఇరుసు కిక్కురుమనలేదు. నాలుగో వంపులో గేరుపెట్టె వేడెక్కి నూనె కంపు మొదలైంది. పైడన్న కాళ్లు కాలుతున్నాయి, అయినా పెడలు మీంచి తీయలేదు. అయిదో వంపులో ఆవిడ, "పొగొస్తోంది!" అని అరిచింది. "రానీ!" అన్నాడు వీడు. ఆరో వంపు దాటింది. పైన జెండా కనిపిస్తోంది. జెండా దగ్గర కొండ పెద్ద గంగులు చుట్ట ఆర్పి నిలబడ్డాడు. నూకరాజు పాటలు ఆపేశాడు. ఎంతైనా తోడబుట్టిన అప్ప కదా వెనక నడుస్తోంది.

ఏడో వంపు గాడిద మెడలా తిరుగుతుంది. ఎడం పక్క కొండ, కుడి పక్క ఏమీ లేదు, కిందెక్కడో జీడితోట. అంత పొడుగు బండిని అక్కడ తిప్పాలంటే స్టీరింగు రెండు చేతులతో లాగాలి. పైడన్న లాగాడు. సగం తిరిగింది. పర్రుమని తువ్వాలు చిరిగింది, గేరు ఊడిపోయింది. ఇంజను మీద బరువు పోయి అది గాలిలోకి అరిచింది. దొర ఒక్క క్షణం అలా నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వెనక్కి. పైడన్న బ్రేకు తొక్కాడు. కాలు నేలదాకా పోయింది, బండి ఆగలేదు. మూరెడు జారింది, బారెడు జారింది. వెనక చక్రం లోయ వైపు తిరుగుతోంది. అచ్చియ్యమ్మ రాయి నెత్తిమీంచి గుండెల మీదకి దించుకుంది. పైడన్న అద్దంలో అది చూశాడు. ఒక చేత్తో గేరు కుమ్ముతూ, "వద్దే! వెయ్యకు! పడుతోంది, గేరు పడుతోంది! ఏడాది తిండే, అచ్చియ్యా, వెయ్యకే!" అని అరిచాడు. గేరు పళ్లు కిర్రు కిర్రుమంటున్నాయి, పడటం లేదు. ఇంకో బారెడు. ఆవిడ పరిగెత్తలేదంట. పక్కకి తప్పుకుంటే బండి ఆవిణ్ణి దాటి పోయేది, తప్పుకోలేదు. అలాగే వంగి, చక్రం తన కాలి మీదకి రాబోతుంటే, రాయి పెట్టేసింది.

చక్రం రాయెక్కి, ఊగి, ఆగింది. అంచుకి జానెడు మిగిలింది. ఇంజను దానంతటదే ఆరిపోయింది. పైడన్న దిగాడు. వెనక్కెళ్లి అంచు చూడలేదు, జెండా వైపే చూశాడు. ఇరవై గజాలుంటుంది. "పడేది. ఇంకొక్క క్షణం ఆగితే పడేది. తొమ్మిదేళ్లు మోశావు, ఈరోజు దించేశావా? ఇప్పుడేటి తింటావు, ఈ రాయా?" అని పెద్ద గొంతుతో అరిచాడంట. ఆవిడ చేతుల మట్టి కొంగుకి తుడుచుకుని, మెల్లగానే అంది. "గేదెనిచ్చాను. గంగాళమిచ్చాను. కడియాలిచ్చాను. ఇంక ఇవ్వడానికి నువ్వొక్కడివే మిగిలావు. నిన్నివ్వను." అప్పుడు వాడు వెనక్కి తిరిగి అంచు చూశాడు. చూసి, కింద కూర్చుండిపోయాడు. గంగులు వచ్చి రాయి చూసి, నూకరాజు వైపు చెయ్యి చూపించాడు. కట్టుబాటు కట్టుబాటే. ఆ ఏడు తోలకమంతా వాడిదే. అప్ప కాళ్లకి దణ్ణం పెట్టి మరీ తీసుకున్నాడు, సగం మాత్రం ఇవ్వలేదు. నూకరాజు కూడా మంచివాడేలెండి.

దొర ఇప్పటికీ ఆ ఏడో వంపులోనే ఉన్నాడు. పైకి లాగే ధైర్యం ఎవరికీ లేదు, కిందకి వదిలే ధైర్యం అసలే లేదు. చుట్టూ బండరాళ్లు పేర్చేశారు. కొండవాళ్లు బస్సు కోసం దాన్లోనే కూర్చుంటారు. అచ్చియ్యమ్మ బానెట్టు మీద పొయ్యి పెట్టి టీ, ఉడకబెట్టిన కర్రపెండలం అమ్ముతుంది, బాగానే గడుస్తోంది. పైడన్న గ్లాసులు కడుగుతాడు. టీ తాగేవాళ్లందరికీ కిందకి వంగి చూపించి, "లారీ ఇరుసండీ, మా మనవలు కూడా తోలుకోవచ్చు" అంటాడు. నేనూ మొన్న వెళ్లి కూర్చుని టీ తాగాను. వాడు చెప్పేది అబద్ధం కాదు. మూడేళ్లయింది, అంత మంది ఎక్కి దిగుతున్నారా, ఆ ఇరుసు ఒక్క అంగుళం కదల్లేదు.