తీసేసిన మొదటి వాక్యం: తబిత గారి ముప్పై నాలుగేళ్ల కొలువు

1991 జూలై 8వ తేదీ సోమవారం నాడు శ్రీమతి తబిత గారు మన కళాశాలలో తెలుగు అధ్యాపకురాలిగా చేరారు. 2025 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ముప్పై నాలుగేళ్లూ ఆమె విద్యార్థులకు తామేమంటున్నారో తెలిసి రాయడం నేర్పారు. అలా నేర్పినందుకే, న్యాయంగా రావలసిన శాఖాధ్యక్ష పదవిని మన పాలకవర్గం ఆమెకు చివరి తొమ్మిదేళ్లూ దక్కనివ్వలేదు. ఈ వ్యాసం చెప్పేది ఇదే. అభినందన సంచికలో ఇటువంటి మాట మొదటి పేరాలో ఉండరాదని కొందరు పెద్దలు సెలవిచ్చారు. చెప్పదలచింది మొదటి పేరాలోనే ఉండాలని తబిత గారు నేర్పారు. సన్మానం ఆమెది కనుక ఆమె మాటే చెల్లింది.

సామర్లకోట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆమె తొలి పదేళ్లూ ప్యాసింజర్ బండిలోనే కళాశాలకు వచ్చి వెళ్లారు. చేరిన ఏడాది అర్ధసంవత్సర పరీక్షల్లో ఆమె దిద్దిన అరవై వ్యాసాల్లో యాభై రెండు ‘నేటి ఆధునిక సమాజంలో’ అని మొదలయ్యాయి. అప్పట్లో మన దగ్గర వ్యాసానికి పేజీలు చూసి మార్కులు వేసేవారు. ఏ విషయమిచ్చినా ఉపోద్ఘాతం ఒకటే, గైడులోంచి బట్టీ పట్టిందే. ధాన్యం వ్యాపారంలో రకం పేరు చెప్పకుండా బస్తాలు దింపితే ఏ మిల్లులోనూ కాటా వేయరు. పరీక్ష పేపర్లో మాత్రం రకం తెలియని సరుకే మొదటి శ్రేణిలో పాసయ్యేది.

ఆ ఏడాది లోవరాజు అనే విద్యార్థిని ఆమె లేపి అడిగిన తీరు పాత విద్యార్థులు నేటికీ చెప్పుకుంటారు.

“నీటి కాలుష్యం హానికరం అని రాశావు. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా నాయనా?”

“ఎవరుంటారండీ మేడమ్?”

“మరి నాలుగు పేజీలు ఎవరిని ఒప్పించడానికి?”

“ఒప్పించడానికేంటండీ, పది మార్కులకండీ.”

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వారు, కానీ వదల్లేదు. మీ ఊళ్లో ఏ కాలువ, ఏం పాడైంది, ఎవరివల్ల అని గుచ్చి గుచ్చి అడిగారు. గంట కొట్టేసరికి ఆ కుర్రవాడి నోట ఒక వాక్యం వచ్చింది: “పంటకాలువలో పూడిక తీయకుండా గట్లకు మాత్రం సిమెంటు చేయడం వల్లే మా శివారు పొలాలకు నీరందడం లేదు.” దీన్ని ఇంకొకరు కాదనగలరు, లోవరాజు రుజువు చూపగలడు, తరువాతి ప్రతి పేరా ఈ వాక్యానికే జవాబు చెప్పుకోవాలి. దానికి ఆమె పెట్టిన పేరు ప్రతిపాదన వాక్యం. ఎదుటివారి పక్షంలో ఉన్న నిజాన్ని కూడా ముందుగా ఒప్పుకొని, ఆపైన మన వాదన నిలబెట్టాలన్నది ఆమె రెండో నియమం.

2004లో సీనియర్ అధ్యాపకురాలయ్యారు. 2008 నుంచి వార్షిక సంచిక సంపాదకత్వం వహించారు. ఎనిమిదేళ్లు ఆ సంచికలో రకం తెలియని సరుకు ఒక్కటీ అచ్చుకాలేదు.

2016 సంచికకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న లక్ష్మీదుర్గ ‘ఆక్వా సాగు’ అన్న వ్యాసం ఇచ్చింది. ఉప్పుటేరు మీద చేపల వేటచేసే కుటుంబం ఆమెది. మొదటి వాక్యం ఇది: “రొయ్యల చెరువులను మంచినీటి కాలువలకు దూరం జరపకపోతే, మన ఊళ్లు రొయ్యలు అమ్మి తాగునీరు కొనుక్కోవలసి వస్తుంది.” తరువాత రెండు పేజీలు చెరువుల వల్ల కలిగిన మేలు, ఆపైన ఏ కాలువలో ఎంత ఉప్పు చేరిందో వివరాలు. అప్పటి ప్రిన్సిపాల్ గారు చూశారు. పాలకవర్గంలో చెరువులున్న వారున్నారు. తబిత గారికి చెప్పకుండా ప్రెస్సుకు కబురు పంపి మొదటి వాక్యం, చివరి పేరా తీయించేశారు.

అచ్చయిన వ్యాసం చదివి అందరికంటే ఎక్కువ సంతోషించినవారు చెరువుల యజమాని, పాలకవర్గ సభ్యులు శ్రీనివాసరాజు గారు. మేలంతా కనబడింది, ఉప్పు లెక్కలు సమాచారంలా కనబడ్డాయి. తమ తండ్రి సాంబశివరాజు గారి పేరిట ఇచ్చే బహుమతిని దానికే ప్రకటించి, వార్షికోత్సవంలో చదివించమన్నారు.

తెర వెనుక లక్ష్మీదుర్గ సంచిక తెరిచి పట్టుకుని తబిత గారి దగ్గరికి వచ్చింది.

“మేడమ్, తీసేసింది కూడా చదవనాండీ?”

“వ్యాసం ఎవరిదమ్మా?”

“నాదేనండీ.”

“మరి నన్నడుగుతావేంటి?”

ఆ పిల్ల చదివింది. అదే వ్యాసం, ముందొక వాక్యం, చివర ఒక పేరా. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక సభ పక్కవాళ్ల మొహాలు చూసింది. శ్రీనివాసరాజు గారు బహుమతి ఆమె చేతికిచ్చి, నేరుగా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లారు.

“ఆ అమ్మాయి మాట నేను ఒప్పుకోనండి. నా చెరువులు ఎక్కడికీ జరపను. కానీ నేను ఒప్పుకోనిదేంటో ఇప్పుడు తెలిసింది. మీరు ఆ ముక్క దాచేసి నాచేత మెచ్చుకోలు చెప్పించారేంటండీ? నేనేమన్నా చదువురానోణ్ణా?”

తప్పు చేసినవారికి ఆ రోజు దక్కింది ఆ చీవాట్లే. సంజాయిషీ మాత్రం తబిత గారిని అడిగారు. ఆమె ఒక్క వాక్యం రాసిచ్చారు: “ముందుగా మాట చెప్పి రాయడం నేర్పాను, చెప్పిన మాట చెరిపేయడం నాకు చేతకాదు.” సంపాదకత్వం తీసేశారు. ఆ జూన్‌లో, ఆమెకంటే పదకొండేళ్లు చిన్నవారిని శాఖాధ్యక్షులను చేస్తూ తీర్మానం జరిగింది. కారణం అన్న చోట ‘పరిపాలనా సౌలభ్యం’ అని ఉంది. రకం తెలియని సరుకంటే అదే. కింద ఏడు సంతకాలున్నాయి. ఒక్కరూ ‘ఇంతకీ ఏమంటున్నాం?’ అని అడగలేదు.

తబిత గారు ఆ తొమ్మిదేళ్లలో ఒక్క క్లాసు మానలేదు. నేడు లక్ష్మీదుర్గ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలు. ఆమె పిల్లల వ్యాసాలు ‘నేటి ఆధునిక సమాజంలో’ అని మొదలుకావు. పదవి దక్కకపోయినా పని సాగింది. దానివల్ల పాలకవర్గం చేసింది ఒప్పయిపోదు.

భర్త ఫిన్నీ గారితో కలిసి తబిత గారు సామర్లకోటలో నూరేళ్లూ ఆరోగ్యంగా, కంటిచూపు తగ్గకుండా, ఎదుటి మనిషి ఎంత పెద్దవాడైనా ‘ఇంతకీ ఏమంటారండీ?’ అని అడిగే గొంతు తగ్గకుండా ఉండాలి. ఆమె మమ్మల్ని అడిగితే తొమ్మిదేళ్లు ఆలస్యంగానైనా జవాబు ఇది: తప్పు మాది, క్షమించండి.

— రమేష్ బాబు
ధాన్యం వర్తకుడు, పాలకవర్గ సభ్యుడు
ఆ ఏడు సంతకాల్లో అయిదోది చేసినవాడు